హరిణ వనస్థలిలో గడ్డి మైదానంలో 500 మొక్కలు నాటుతామంటున్నారు, ఎలా ఆపాలి?

వనస్థలి_వాసి
మా కాలనీ సంఘం వాట్సాప్ గ్రూపులో రెండు రోజుల నుంచి ఒకటే హడావిడి. జులై మొదటి వారం వనమహోత్సవం కదా, మన హైదరాబాద్ మహావీర్ హరిణ వనస్థలి జింకల పార్కులో ఖాళీగా పడి ఉన్న జాగాలో 500 మొక్కలు నాటుదామని తీర్మానం చేశారు. ఒకాయన మొక్కలు ఇస్తానన్నారు, ఇంకొకాయన టీషర్టులు. నేనొక్కదాన్నే వద్దన్నాను. దానికి గ్రూపులో ఒక పెద్దాయన "చెట్లంటే పడనివాళ్లు కూడా ఉంటారా అమ్మా" అని రాశారు. ఆ మాటకి నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

నేను ఈ వైపు వచ్చి 19 ఏళ్లు. మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు మొదటిసారి లోపలికి తీసుకెళ్లాను. పొద్దున్నే, గడ్డి మీద ఇంకా మంచు ఉంది. ఆ గడ్డి మధ్యలో నల్లటి మగ జింక, మెలి తిరిగిన కొమ్ములు, కదలకుండా నిలబడి మమ్మల్నే చూసింది. చుట్టూ లేత గోధుమరంగు ఆడ జింకలు. వాళ్లు ఖాళీ అంటున్నది సరిగ్గా ఆ జాగానే. అక్కడ చెట్లు పెరిగిపోతే ఆ జింకలు ఎక్కడికి పోతాయి?

నేను ఆలోచిస్తున్నది తప్పా? తప్పు కాకపోతే, పెద్దవాళ్లని నొప్పించకుండా ఎలా చెప్పాలి?

మోదుగపూలు
తప్పు కాదక్కా. నూటికి నూరుపాళ్లు మీరే కరెక్ట్. కృష్ణ జింక అడవి జంతువు కాదు, మైదానం జంతువు. దానికి ప్రాణరక్షణ రెండే, చూపు, పరుగు. దూరం నుంచే శత్రువును చూడాలి, చూశాక గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తాలి. చెట్ల మధ్య ఆ రెండూ పనికిరావు. చుక్కల దుప్పికైతే చెట్టు నీడ కావాలి, ఇది దానికి పూర్తిగా వేరు.

కాలనీ_కార్యదర్శి
ఆ పెద్దాయన నేనే. వేరే కాలనీ వాళ్లు లింకు పంపిస్తే చూశాను. అమ్మా, మిమ్మల్ని నొప్పించాలని రాయలేదు, కానీ నా బాధ కూడా వినండి. మా ఇల్లు విజయవాడ హైవేకి దగ్గర. లారీల పొగ, దుమ్ము, మే నెలలో డాబా మీద కాలు పెట్టలేం. మా ఆవిడకి ఆస్తమా. నేను ఈ కాలనీకి వచ్చినప్పుడు వేపచెట్లు ఉండేవి, ఒక్కొక్కటే కొట్టేసి అపార్ట్‌మెంట్లు కట్టారు. ఇప్పుడు నాటుదామంటే జాగా ఎక్కడుంది? పార్కులో 3,600 ఎకరాలు ఉంది. అందులో ఓ రెండెకరాల్లో చెట్లు పెడితే కొంపలు మునుగుతాయా? 1950లో మున్షీ గారు వనమహోత్సవం మొదలుపెట్టినప్పటి నుంచి స్కూల్లో మాకు చెప్పింది ఒకటే, చెట్టు నాటు. ఇప్పుడు 68 ఏళ్ల వయసులో చెట్టు నాటడం తప్పని వినాల్సి వస్తోంది.

నల్లమల_పాతకాపు
కార్యదర్శి గారూ, మీ బాధ నిజమైనది. నేను అటవీశాఖలో చేసి రిటైరయ్యాను, ఆ పార్కులో కాదు, నల్లమల వైపు. అందుకని ఒక్క మాట చెప్తాను, తప్పుగా అనుకోకండి.

ముందు చట్టం సంగతి. అది 1975లో మహావీరుడి 2,500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా ఆయన పేరుతో ఏర్పడింది, 1994 నుంచి నేషనల్ పార్కు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేషనల్ పార్కు లోపలికి అనుమతి లేకుండా వెళ్లడానికే లేదు, ఇక గుంతలు తవ్వి మొక్కలు పెట్టడం మాట చెప్పక్కర్లేదు. మనసు మంచిదే అయినా కేసు కేసే.

రెండోది అసలు సంగతి. మీరు రెండెకరాలు అంటున్నారు. 500 మొక్కలు పెట్టడానికి 500 గుంతలు, మట్టి తోలడానికి ట్రాక్టరు, నీళ్లకి ట్యాంకరు, ట్యాంకరు తిరగడానికి దారి, మొక్క చుట్టూ ముళ్లకంప. ఇదంతా తీతువు పిట్ట గుడ్లు పెట్టే చోట. దాని గుడ్లు మీరెప్పుడైనా చూశారా? వట్టి నేల మీద, గూడు లేకుండా, గులకరాళ్ల మధ్య గులకరాళ్లలాగే ఉంటాయి. పక్కనే నిలబడినా కనపడవు. కాలి కింద పడ్డాక తెలుస్తుంది.

కాలనీ_కార్యదర్శి
అనుమతి సంగతి నాకు తెలుసండీ, లెటర్ పెట్టాకే చేద్దామనుకున్నాం. దొంగతనంగా ఎవరూ వెళ్లట్లేదు. తీతువు సంగతి మాత్రం తెలియదు.

ఎల్బీనగర్_రమణ
నాకొకటి అర్థం కావట్లేదు. చెట్టు ఎక్కడ పెట్టినా మంచిదే కదా? ఆక్సిజన్ ఇస్తుంది, నీడ ఇస్తుంది, వర్షం తెస్తుంది. గడ్డి ఏమిస్తుంది? వేసవిలో ఎండిపోయి తగలబడుతుంది.

మోదుగపూలు
@ఎల్బీనగర్_రమణ గడ్డి జింకకి అన్నం పెడుతుంది బ్రదర్. ఎండినట్టు కనిపిస్తుంది కానీ వేళ్లు బతికే ఉంటాయి, తొలకరి పడిన వారానికే మళ్లీ పచ్చబడుతుంది. వాన నీళ్లు నేలలోకి ఇంకడానికి, మట్టి కొట్టుకుపోకుండా ఉండడానికి దట్టమైన గడ్డిని మించింది లేదు.

బయాలజీ_పంతులమ్మ
పిల్లలకి పాఠం చెప్పినట్టు ఉంటే క్షమించండి, అలవాటు. మన భాషలో మగ కృష్ణ జింకకి ఇర్రి అని ప్రత్యేకంగా ఒక పేరుంది, ఆడదానికి లేడి. చుక్కల జింకకి దుప్పి, పెద్ద జింకకి కణుజు, నీల్‌గాయ్‌కి మనుబోతు. ఇన్ని పేర్లున్నాయంటే మన పెద్దవాళ్లు వీటిని రోజూ చూశారని అర్థం. ఇప్పుడు నా క్లాసులో 40 మంది పిల్లల్ని అడిగితే అన్నీ జింకలే.

నేలకి కూడా అంతే. కంచ, బీడు, గుట్ట, గైరాన్, బంచరాయి. ఇవన్నీ పశువులు మేసే, గడ్డి పెరిగే నేలలకి ఉన్న పేర్లు. వీటిలో ఏదీ ఖాళీ జాగా అనే అర్థంలో లేదు. పోరంబోకు అనే మాట చూడండి, అందరికీ చెందిన ప్రభుత్వ భూమి అని దాని అర్థం, ఇప్పుడు తిట్టుగా వాడుతున్నాం. ఊరందరిదైన నేలని పనికిరానిది అనుకోవడం మొదలుపెట్టిన రోజే ఆ మాట తిట్టయిందని నా నమ్మకం.

గైరాన్_బిడ్డ
పంతులమ్మ గారు గైరాన్ అని రాయగానే ప్రాణం లేచి వచ్చింది. మా ఊళ్లో గైరాన్ ఉండేది, నా చిన్నప్పుడు అక్కడ కుందేళ్లు, కౌజులు, కంపల్లో రేగుపండ్లు. ఇప్పుడు మొత్తం ప్లాట్లు. హద్దురాళ్లు తప్ప ఏం లేదు.

కాని ఒక మాట. అక్కా, మీరు గడ్డి గడ్డి అంటున్నరు. చెట్లుంటే కనీసం ఎవడన్న నరకడానికి భయపడతడు, పేపర్ల వస్తది. గడ్డి జాగా చూస్తే అందరికీ ఆశ పుడతది. ఇయ్యాల ఖాళీ అన్నరు, రేపు రోడ్డు కావాలంటరు, ఎల్లుండి ఇంకేదో అంటరు. చెట్లు పెట్టేది జాగా కాపాడుకోవడానికే అని నేననుకుంటున్న. ఇది కూడా ఆలోచించండి.

వనస్థలి_వాసి
@గైరాన్_బిడ్డ తమ్ముడూ, ఈ మాట నా గుండెకి తగిలింది. దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు.

మోదుగపూలు
నేను చెప్తాను. కంచ గచ్చిబౌలిలో 2025లో ఏం జరిగింది? 400 ఎకరాలు. ఆ పేరులోనే కంచ ఉంది. అది అడవి కాదు, పిచ్చి చెట్లు, పొదలు అన్నారు. బుల్డోజర్లు వచ్చాయి. విద్యార్థులు రోడ్డెక్కితే, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరకడం ఆపమంది. అక్కడ చెట్లు లేకనా? ఉన్నాయి. అయినా బుల్డోజర్లు వచ్చాయి కదా. చెట్టు ఉన్నంత మాత్రాన నేలకి రక్షణ రాదు. ఆ నేల ఎవరిదో, అందులో ఎవరు బతుకుతున్నారో జనానికి తెలిస్తే వస్తుంది. గడ్డిని ఖాళీ అని మనమే అంటే, దాన్ని ప్లాట్లు చేసేవాడి పని మనమే సగం చేసిపెట్టినట్టు.

గైరాన్_బిడ్డ
ఇది ఒప్పుకుంటా. పూర్తిగా కాదు కాని ఒప్పుకుంటా.

నంద్యాల_నాగులు
మాది రోళ్లపాడు దగ్గర పల్లె. 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేసినారు మా కాడ. మీటరు ఎత్తుండే పిట్ట, మా నాయిన చిన్నప్పుడు చేలల్లో చూసినాడంట. అది కూడా మీ కృష్ణ జింక మాదిరే, ఎంత దూరం చూస్తే అంత దూరం గడ్డి ఉండాల. చుట్టూ నీళ్లు పారి పంటలు మారినాయి, గడ్డి బీళ్లు పోయినాయి, పిట్ట కనపడకుండా పోయింది. నేను ఇంతవరకు ఒక్కటి కూడా చూడలేదు. నాకు 34 ఏళ్లు.

కృష్ణ జింకలైతే బాగా పెరిగినాయి. అవి మా శెనగ చేలో పడి మేస్తాయి. రాత్రంతా కావలి కాసిన రోజులున్నాయి. మీరు పట్నంలో జింక అంటే ముచ్చటపడతారు, మాకు అది పంట తినేది కూడా. అయినా దాన్ని చంపాలని మా ఊళ్లో ఎవరూ అనుకోరు. ఎందుకు చెప్తున్నానంటే, ఉన్న గడ్డి పోతే ఆ జింక గాల్లో కలిసిపోదు, గోడ దాటి ఎవరి చేలోకో, ఎవరి హైవే మీదికో వస్తాది.

నల్లమల_పాతకాపు
నాగులు చెప్పింది బంగారం. కలివికోడి కథ కూడా ఇక్కడ చెప్పాలి. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేశారు. 1986లో కడప జిల్లాలో ఒక పిట్టలు పట్టే అతను రాత్రి టార్చిలైటు వెలుగులో పట్టుకున్నాడు. తర్వాత అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటైంది. ఆ పిట్ట ఉండేది మహావృక్షాల కింద కాదు. ముళ్లపొదలు, పొదల మధ్య బోడి నేల. మనం చూసి ఎందుకూ పనికిరాదు అనే రకం నేల.

ఎల్బీనగర్_రమణ
సరే, నాకు కొంచెం కొంచెం అర్థమవుతోంది. అయితే పార్కుని అలా వదిలేయడమేనా? ఏమీ చేయకూడదా? చేతులు కట్టుకుని చూడాలా?

షికాగో_సుబ్బారావు
రమణ గారి ప్రశ్నకి నా అనుభవం రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

నేను ఇల్లినాయ్‌లో నేపర్‌విల్‌లో ఉంటాను. మాది తెనాలి. ఇక్కడికి వచ్చిన కొత్తలో శనివారం పొద్దున ఒక పార్కులో జనం రంపాలు పట్టుకుని చెట్లు కోస్తుంటే చూసి కోపం వచ్చింది, వెళ్లి అడిగాను. ఒక ముసలావిడ ఓపిగ్గా చెప్పింది. ఇల్లినాయ్ అంటే ఒకప్పుడు ప్రెయిరీ, అంటే మనిషెత్తు గడ్డి మైదానం. 2 కోట్ల ఎకరాలకు పైగా ఉండేదట, చెక్కుచెదరకుండా మిగిలింది రెండు మూడు వేల ఎకరాలు. ఆ మిగిలిన ముక్కల్లోకి బక్‌థార్న్ అని యూరప్ నుంచి వచ్చిన పొద చొరబడి, కింద గడ్డిని చంపేస్తోంది. వాళ్లు కోస్తున్నది దాన్ని.

షికాగో ఉత్తరపు శివార్లలో 1977లో కొద్దిమంది మామూలు మనుషులు ఈ పని మొదలుపెట్టారు. వారాంతాల్లో వచ్చి పొదలు కోయడం, రైలు పట్టాల పక్కన మిగిలిన ప్రెయిరీ పూల విత్తనాలు ఏరి తెచ్చి చల్లడం, పద్ధతి ప్రకారం గడ్డికి నిప్పు పెట్టడం. ఏళ్ల తరబడి చేశారు. అన్నీ బాగా నడుస్తుండగా 1996లో చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తిరగబడ్డారు. చెట్లు నరుకుతున్నారు, మంటలు పెడుతున్నారు, మమ్మల్ని అడిగారా అని. కౌంటీ వాళ్లు పనులన్నీ ఆపేయమన్నారు. మళ్లీ పూర్తిగా మొదలవడానికి ఏళ్లు పట్టింది.

వనస్థలి_వాసి గారూ, మీ కథలో తిరగబడే ఇళ్లవాళ్లు కార్యదర్శి గారి లాంటివాళ్లు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, చెట్టంటే ప్రేమ ఉన్నవాళ్లు. వాళ్లతో ముందు మాట్లాడకుండా ఏ పనీ నిలబడదు, ఎంత సైన్సు మనవైపు ఉన్నా. నేను ఇప్పుడు ఏడాదికి నాలుగైదు శనివారాలు వెళ్తాను. వెళ్లిన ప్రతిసారీ దారిన పోయేవాళ్లు ఎవరో ఒకరు ఆగి "ఎందుకు కోస్తున్నారు" అని అడుగుతారు. పని ఆపి జవాబు చెప్పడం కూడా పనిలో భాగం అని ఆ ముసలావిడ నేర్పింది.

కాలనీ_కార్యదర్శి
సుబ్బారావు గారూ, తెనాలిలో ఎక్కడ? మా అత్తగారిది కొలకలూరు.

షికాగో_సుబ్బారావు
గంగానమ్మపేట సార్. కొలకలూరు మా మేనమామ ఊరు!

మోదుగపూలు
సంబంధాలు కలిసిపోయాయి, ఇక గొడవ సగం తీరినట్టే :)

గుర్గావ్_గోదారోడు
నేను ఇంకో వైపు చెప్తాను, లేకపోతే మొక్కలు నాటడమే పాపం అన్నట్టు అయిపోతుంది. గుర్గావ్‌లో ఆరావళి బయోడైవర్సిటీ పార్కు ఉంది, సుమారు 390 ఎకరాలు. ఒకప్పుడు గనులు తవ్వి వదిలేసిన జాగా. మట్టి లేదు, గుంతలు, రాళ్ల గుట్టలు, వాటి మీద విలాయతీ కీకర్, అంటే మన సర్కారు తుమ్మ. 2010లో ఊరి జనం కలిసి మొదలుపెట్టారు. వాళ్లు మొక్కలు నాటారు, వేలల్లో నాటారు. కానీ ఏ మొక్కలు? నర్సరీలో దొరికే గుల్‌మొహర్లు కాదు. ఆరావళి కొండల్లో ఇంకా మిగిలిన చోట్లకి వెళ్లి విత్తనాలు ఏరుకొచ్చి సొంత నర్సరీ పెట్టుకున్నారు. ధౌ అని ఒక చెట్టు, మన చిరుమానుకి చుట్టం. సలాయి, అంటే మన అందుగు. గడ్డి ఉండాల్సిన చోట గడ్డి కూడా. ఆఫీసుల వాళ్లు, స్కూలు పిల్లలు వానాకాలంలో వచ్చి నాటేవాళ్లు, నేనూ మూడేళ్లు వెళ్లాను. 2022 ఫిబ్రవరిలో దేశంలోనే మొదటి ఓఈసీఎం ప్రాంతంగా దానికి గుర్తింపు ఇచ్చారు, అంటే అభయారణ్యం కాకపోయినా జీవజాతులు నిలబడుతున్న చోటు అని.

అక్కడ నాటడం సరైనదే, ఎందుకంటే అక్కడ ఒకప్పుడు చెట్లుండేవి, మనుషులు తవ్విపారేశారు. మీ పార్కులో గడ్డి ఇంకా బతికే ఉంది. రెండూ ఒకటి కాదు. ముందు అక్కడ ఏముండేదో కనుక్కోవాలి, నాటాలా వద్దా అనేది తర్వాత.

వనస్థలి_వాసి
గుర్గావ్ తమ్ముడూ, సర్కారు తుమ్మ ఇక్కడ కూడా ఉంది. గోడ వెంట బాగా పెరిగింది. అది పీకితే మంచిదేనా?

నల్లమల_పాతకాపు
మంచిదే, కానీ తెలిసి చేయాలి. అది మన చెట్టు కాదు, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా వైపుది. 1870లలో మన దేశానికి తెచ్చినప్పుడు మొదట నాటిన చోట్లలో కడప దగ్గరి కమలాపురం ఒకటి. వంట చెరకు కోసం, కరువు నేలలు పచ్చబడతాయని మంచి ఉద్దేశంతోనే తెచ్చారు. దాని కాయలు తియ్యగా ఉంటాయి, జింకలు ఇష్టంగా తింటాయి, పేడలో గింజలు బయటపడి మొలుస్తాయి. గుజరాత్‌లో వేళావదర్ గడ్డి మైదానంలో ఇదే జరిగింది, జింకే తన గడ్డిలో తుమ్మని నాటినట్టయింది.

పైపైన నరికితే లాభం లేదు, మోడు నుంచి పది పిలకలు వేస్తుంది. వేరు మొదలు దాకా తవ్వి తీయాలి. పెద్ద చెట్లు అటవీశాఖ వాళ్లకే వదిలేయండి, మీరు మొలకలు చూసుకోండి. వానలు పడ్డాక నేల మెత్తగా ఉన్నప్పుడు మోకాలెత్తు మొలకలు గునపంతో వేరుతో సహా వస్తాయి. అన్నీ ఒకేసారి తీసేయొద్దు. కొన్ని పిట్టలు ఇప్పుడు వాటి మీదే గూళ్లు పెడుతున్నాయి. తీసిన చోట తంగేడు, రేగు, బలుసు తమంతట అవే వస్తాయేమో ఒక వానాకాలం చూడండి. తొందరపడొద్దు.

బయాలజీ_పంతులమ్మ
వయ్యారిభామ సంగతి కూడా. కాంగ్రెస్ గడ్డి అని కొందరంటారు. అది పూత రాకముందే పీకాలి, పూత వచ్చాక పీకితే గింజలు మనమే చల్లినట్టు. చేతికి గ్లౌజులు, ముక్కుకి గుడ్డ తప్పనిసరి. చర్మం దురదలు, ఆయాసం వస్తాయి. కార్యదర్శి గారూ, మీ ఇంట్లో ఆస్తమా అన్నారు కాబట్టి చెప్తున్నాను, మీ కాలనీ ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ ఉంటే ముందు అది తీయించండి. మేడం గారికి అది వంద మొక్కల కంటే మేలు చేస్తుంది.

కాలనీ_కార్యదర్శి
అమ్మా, ఈ సంగతి నాకు ఇన్నాళ్లూ ఏ డాక్టరూ చెప్పలేదు. మా ఇంటి ఎదుటి ప్లాటు నిండా అదే. తెల్ల పూలు, చూడ్డానికి ముద్దుగా ఉంటుందని ఊరుకున్నాను.

విశాఖ_అల
మా దగ్గర కంబాలకొండ అభయారణ్యం ఉంది, వారాంతంలో మా ఫ్రెండ్స్ బ్యాచ్ ప్లాస్టిక్ ఏరడానికి వెళ్తాం. పని చేసేటప్పుడు నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మొక్కలు కాదు, తిండి. జనం చిప్స్ ప్యాకెట్లు, బ్రెడ్డు విసురుతారు. ఉప్పు వాసనకి జంతువు కవరుతో సహా మింగేస్తుంది. మీ పార్కు గోడ మీద నుంచి మిగిలిన భోజనాలు వేస్తున్నారా?

వనస్థలి_వాసి
వేస్తున్నారు. ఒక ఫంక్షన్ హాలు నుంచి పెళ్లి అయిన ప్రతి రాత్రీ మిగిలిన అన్నం, విస్తళ్లు గోడ పక్కన పోస్తారు. దాని కోసం వీధికుక్కలు గుంపులుగా వస్తాయి. గోడ కూలిన చోటు నుంచి అవే లోపలికి దూరతాయి. పోయిన నెలలో ఒక దుప్పి పిల్లని కుక్కలు తరిమి పట్టుకున్నాయి. నేను, మా వాచ్‌మన్ కర్రలు పట్టుకుని పరుగెత్తే లోపు అయిపోయింది. ఆ రోజు సంగతి ఇప్పటిదాకా మా అమ్మాయికి చెప్పలేదు. ఒక కాంట్రాక్టరు అయితే పాత ఇల్లు కూలగొట్టిన మట్టి, రాళ్లు ట్రాక్టర్లతో తెచ్చి అదే చోట పోశాడు, ఆ గుట్ట ఎక్కితే గోడ దాటడం ఎవరికైనా సులువే.

విశాఖ_అల
అక్కా, అయితే మీ 500 మొక్కల డబ్బులు, 50 మంది మనుషులు, ఆ టీషర్టులు అన్నీ ఆ గోడ దగ్గర పెట్టాలి. అసలు పని అక్కడుంది.

గైరాన్_బిడ్డ
ఇది నిజం. రమణన్నా, నువ్వు చేతులు కట్టుకోవాలా అని అడిగినవ్ కదా, ఇగో పని.

ఎల్బీనగర్_రమణ
వస్తా. నాకు ట్రాలీ ఆటో ఉంది, మట్టి తోలడానికి ఇస్తా. డీజిల్ కూడా నాదే.

కాలనీ_కార్యదర్శి
రెండు రోజులుగా అన్ని పోస్టులూ రెండేసి సార్లు చదివాను. మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. నా మనసులో ఉన్నది చెప్తాను. నాకు చెట్లు కావాలి. ఆ కోరిక పోలేదు, పోదు కూడా. కానీ తీతువు గుడ్ల మీద, దుప్పి పిల్ల మీద పెట్టుకుని నాటలేను. పార్కు లోపల నాటడం మానుకుంటాం, రేపు గ్రూపులో నేనే రాస్తాను.

కానీ 500 మొక్కలు ఏం చేయాలి? ఆర్డరు ఇచ్చేశాం. కోనోకార్పస్ కాదు లెండి, హరితహారంలో నాటాక దాని మీద అయిన గోల నాకు తెలుసు. వేప, కానుగ, నేరేడు.

మోదుగపూలు
బంగారం లాంటి మొక్కలు సార్. కాలనీ రోడ్ల పక్కన, స్కూలు ఆవరణలో, హైవే వైపు మీ ఇళ్ల ముందు పెట్టండి. దుమ్ము ఆపాల్సింది అక్కడే కదా. కానుగ నీడ చల్లగా ఉంటుంది, ఎండాకాలం కూడా తట్టుకుంటుంది. ఒక్క షరతు, ప్రతి మొక్కకీ ఒక ఇల్లు రాసుకోండి. రెండు వేసవులు నీళ్లు పోస్తే మూడోదాన్ని అదే చూసుకుంటుంది.

కాలనీ_కార్యదర్శి
రోడ్ల పక్కన కార్లు పెట్టుకుంటారు. అసలు గొడవ అక్కడ వస్తుంది, చూడండి.

గుర్గావ్_గోదారోడు
వస్తుంది సార్. జింక ఎదురు చెప్పదు కాబట్టి దాని జాగాలో నాటడం తేలిక, కారున్నాయన ఎదురు చెప్తాడు. అయినా పోరాడాల్సింది కారున్నాయనతోనే.

వనస్థలి_వాసి
కార్యదర్శి గారూ, మీ పోస్టు చూసి కళ్లలో నీళ్లు తిరిగాయి. కార్లవాళ్ల ఇళ్లకి మీతో నేనూ వస్తాను, తలుపు తలుపూ తిరుగుదాం.

వనస్థలి_వాసి
పది రోజుల తర్వాత రాస్తున్నాను. అటవీశాఖ వాళ్లని కలిశాం, నేను, కార్యదర్శి గారు, రమణ. గోడ బయటి వైపు మట్టి తీయడానికి ఒప్పుకున్నారు. లోపల వయ్యారిభామ పీకడానికి వాళ్ల మనిషి తోడుగా ఉంటేనే, ఆయన చూపించిన హద్దు లోపలే, ఉదయం తొమ్మిది దాటకుండా చేయమన్నారు. గడ్డి మైదానం వైపు అసలు వెళ్లొద్దన్నారు. మంచిదే.

మొదటి ఆదివారం 31 మంది వచ్చారు. ఏడు ట్రాలీల మట్టి తీశాం, ఇంకా సగం గుట్ట ఉంది. ఫంక్షన్ హాలాయన మొదట కసురుకున్నాడు, కార్యదర్శి గారు ఆయనతో గంటసేపు కూర్చుని మాట్లాడారు. ఇప్పుడు మిగిలిన అన్నం పొద్దున్నే ఒక గోశాల వాళ్లు వచ్చి తీసుకెళ్తున్నారు. రెండు పెళ్లిళ్లు అయ్యాయి, రెండుసార్లూ గోడ దగ్గర శుభ్రంగా ఉంది. మూడో పెళ్లికి చూడాలి. కుక్కల సంగతి ఇంకా తేలలేదు.

మొక్కలు 210 పెట్టాం. మిగతావి కార్ల గొడవలో ఆగాయి.

నల్లమల_పాతకాపు
సంతోషం తల్లీ. మట్టి తీసిన చోట నేల గట్టిపడకముందే ఆ కూలిన గోడ సంగతి లెటర్ పెట్టండి, ఫొటోలతో. నోటిమాట మర్చిపోతారు, కాగితం మర్చిపోరు.

నంద్యాల_నాగులు
అక్కా, కృష్ణ జింక ఫొటో ఉంటే పెట్టు. మా వాళ్లకి చూపిస్తా, పట్నంలో కూడా దీని కోసం మట్టి మోసేవాళ్లు ఉన్నారని.

వనస్థలి_వాసి
దగ్గరికి పోకూడదు కదా నాగులూ, దూరం నుంచి తీసింది పెడతాను, చిన్నగా కనిపిస్తుంది.

వచ్చే ఆదివారం ఆరున్నరకి గోడ కూలిన చోట కలుద్దాం. పారలు ఎనిమిది ఉన్నాయి, గంపలు నాలుగే. ఎవరింట్లోనైనా పాత గంపలుంటే తీసుకురండి. గ్లౌజులు పంతులమ్మ గారు తెస్తున్నారు.

ఎల్బీనగర్_రమణ
గంపలు మా షెడ్‌లో ఆరు ఉన్నాయి, ట్రాలీలో వేసుకొస్తా.